మామోగ్రామ్ ఉచితమే... మరి మిషన్ సరిగ్గా ఉందా?
మూసాపేట, కూకట్‌పల్లి, బాలానగర్ అక్కచెల్లెళ్ల కోసం: రొమ్ము పరీక్షకు వెళ్లేముందు తెలుసుకోవాల్సిన సంగతులు

ఒక్క నిమిషంలో ముఖ్యమైన మాటలు

• రొమ్ములో గడ్డ, చర్మం సొట్ట పడటం, చనుమొన లోపలికి పోవడం, చనుమొన నుంచి రక్తం రావడం లాంటివి కనిపిస్తే రేపటికి వాయిదా వేయొద్దు. ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో చూపించుకోండి.
• మామోగ్రామ్ రాస్తే భయపడొద్దు. కానీ ఏ మిషన్ మీద తీస్తున్నారు, దానికి అనుమతి ఉందా, కనీసం రెండేళ్లకోసారి చేయాల్సిన నాణ్యత పరీక్ష అయిందా అని అడగండి. అడగడం తప్పు కాదు.
• రిపోర్టులో 'నార్మల్' అని వచ్చినా చేతికి గడ్డ తగులుతుంటే డాక్టరును వదలొద్దు.
• చికిత్స అవసరమైతే రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఈఎస్ఐ ఉన్నాయి. వివరాలు కింద ఉన్నాయి.

ఈ పీడీఎఫ్ ఎందుకు?

మూసాపేటలో ఉండే ఒక అక్క ఉందనుకుందాం. వయసు 46. పొద్దున్నే లేచి వంట చేసి, హైటెక్ సిటీలో ఒక ఆఫీసులో హౌస్‌కీపింగ్ పనికి పోతుంది. స్నానం చేస్తుంటే ఎడమ రొమ్ములో చిన్న గట్టి ముద్దలాగా తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేదు కదా అని మూడు నెలలు ఊరుకుంది. తర్వాత ఎవరో చెప్తే మామోగ్రామ్ తీయించుకుంది. రిపోర్టులో 'నార్మల్' అని వచ్చింది. హమ్మయ్య అనుకుంది.

ఆ 'నార్మల్' అన్న మాటను ఎంతవరకు నమ్మొచ్చు? అది మూడు విషయాల మీద ఆధారపడి ఉంటుంది. మిషన్ సరిగ్గా పనిచేస్తోందా? బొమ్మ సరిగ్గా తీశారా? చూసినవాళ్లు సరిగ్గా చూశారా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ఉన్న గడ్డ కనపడకుండా పోవచ్చు. లేదంటే లేని గడ్డ ఉన్నట్టు కనిపించి, అక్కర్లేని భయం, అక్కర్లేని ఖర్చు మీద పడొచ్చు.

మన హైదరాబాద్‌కు ఈ విషయం మరీ ముఖ్యం. దేశవ్యాప్తంగా క్యాన్సర్ రిజిస్ట్రీల లెక్కలతో 2020లో వచ్చిన జాతీయ నివేదికలో రొమ్ము క్యాన్సర్ రేటు అన్నిటికంటే ఎక్కువగా నమోదైంది హైదరాబాద్ జిల్లాలోనే. వయసు తేడాలు సరిచేసి లెక్కేస్తే లక్ష మంది ఆడవాళ్లకు ఏడాదికి 48 కొత్త కేసులు. చెన్నై, బెంగళూరు, ఢిల్లీ మన తర్వాతే ఉన్నాయి. దేశం మొత్తం మీద 2022లో సుమారు 1 లక్షా 92 వేల కొత్త రొమ్ము క్యాన్సర్ కేసులు, 98 వేలకు పైగా మరణాలు అని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇంత మంది చనిపోవడానికి పెద్ద కారణం, చాలామంది జబ్బు ముదిరాకే ఆస్పత్రికి రావడం.

మొదటి మెట్టు ఏది? నేరుగా మామోగ్రామేనా?

కాదు. ప్రభుత్వ కార్యక్రమంలో మొదటి మెట్టు చేతితో చేసే పరీక్ష. 30 ఏళ్లు దాటిన ఆడవాళ్లకు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్షలు చేయాలని జాతీయ కార్యక్రమం చెప్తోంది. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్త గానీ డాక్టరు గానీ రొమ్మును చేతితో పరీక్షిస్తారు. అనుమానం ఉంటే పైకి పంపిస్తారు.

'చేతితో చూస్తే ఏం తెలుస్తది?' అని తేలిగ్గా తీసుకోవద్దు. ముంబైలో టాటా మెమోరియల్ ఆస్పత్రి లక్షా 51 వేల మందికి పైగా ఆడవాళ్లతో సుమారు 20 ఏళ్లు నడిపిన అధ్యయనం ఫలితాలు 2021లో వచ్చాయి. ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకోసారి చేతితో పరీక్షించిన బస్తీల్లో జబ్బు ముందు దశలోనే బయటపడింది. 50 ఏళ్లు దాటినవాళ్లలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్న వయసువాళ్లలో మాత్రం మరణాల్లో అట్లాంటి తగ్గుదల కనిపించలేదు.

తెలంగాణలో ఈ సేవ కోసం 2023 మార్చి 8న, మహిళా దినోత్సవం రోజున, 'ఆరోగ్య మహిళ' కార్యక్రమం మొదలైంది. మొదట 100 ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో పెట్టారు. ప్రతి మంగళవారం ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఎనిమిది రకాల సేవలు ఇస్తారు. క్యాన్సర్ స్క్రీనింగ్ అందులో ఒకటి. అక్కడ అనుమానం వస్తే పెద్దాస్పత్రికి రాసిస్తారు. మీకు దగ్గర్లో ఏ కేంద్రంలో, ఏ వేళకు చూస్తున్నారో మీ ఆశా కార్యకర్తను గానీ బస్తీ దవాఖానాలో గానీ ముందే అడిగి ఖాయం చేసుకోండి.

పైకి పంపినప్పుడు మామోగ్రామ్ గానీ, రొమ్ము అల్ట్రాసౌండ్ స్కానింగ్ గానీ రాస్తారు. చిన్న వయసువాళ్లకు సాధారణంగా ముందు స్కానింగే చేస్తారు. ఎందుకంటే ఆ వయసులో రొమ్ము కణజాలం చిక్కగా ఉండి ఎక్స్‌రేలో అంతా తెల్లగా పడుతుంది. గడ్డ కూడా తెల్లగానే పడుతుంది. తెల్ల గోడ మీద సున్నం చుక్క వెతికినట్టు ఉంటుంది.

మామోగ్రామ్ మిషన్ ఎందుకింత సున్నితం?

కాలు విరిగితే తీసే ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, మాంసం నల్లగా కనిపిస్తుంది. తేడా చాలా ఎక్కువ. రొమ్ములో అట్లా కాదు. మంచి కణజాలానికీ, గడ్డకూ ఎక్స్‌రేలో కనిపించే తేడా చాలా తక్కువ. అందుకే ఈ మిషన్ తక్కువ శక్తి ఉన్న కిరణాలతో, సాధారణంగా 25 నుంచి 35 కిలోవోల్టుల మధ్య పనిచేస్తుంది. మామూలు ఎక్స్‌రే మిషన్‌తో ఈ పని కాదు.

ఇంకో సంగతి. కొన్ని క్యాన్సర్లు గడ్డ కాకముందే సన్నని సున్నపు రేణువుల రూపంలో బయటపడతాయి. ఒక్కోటి మిల్లీమీటరులో పదో వంతు, అయిదో వంతు అంతే ఉంటుంది. ఉప్పు రవ్వ కంటే సన్నం. అవి కనపడాలంటే కిరణాల మూలం చిన్నగా ఉండాలి, బొమ్మను అందుకునే పలక శుభ్రంగా ఉండాలి, రోగి కదలకూడదు, చూసే మానిటర్ మంచిది కావాలి. పలక మీద దుమ్ము పడ్డా, గీత పడ్డా అది కూడా రేణువులాగే కనిపిస్తుంది. కొన్ని డిజిటల్ మిషన్లలో పలక వేడికీ చలికీ తట్టుకోలేదు. అందుకే ఆ గదిలో ఏసీ నిలకడగా పనిచేయాలి. అది సోకు కాదు, అవసరం.

అంటే మిషన్ కొన్న రోజు కొత్తగా, ఖరీదుగా ఉంటే సరిపోదు. ఏళ్లు గడిచేకొద్దీ ట్యూబ్ బలం తగ్గొచ్చు, లెక్కలు పక్కకు జరగొచ్చు, నొక్కే పలక వదులవ్వొచ్చు. బొమ్మ కొద్దికొద్దిగా మసకబారుతుంటే రోజూ చూసేవాళ్లకు ఆ తేడా తెలియకపోవచ్చు. కిరాణా కొట్లో తూకం కాటాకు తూనికల శాఖవాళ్లు ముద్ర వేస్తారు కదా, ఈ మిషన్‌కూ అట్లాంటి తనిఖీ కావాలి.

మిషన్‌ను ఎట్లా పరీక్షిస్తారు?

దీనికి 'ఫాంటమ్' అనే ప్లాస్టిక్ దిమ్మె వాడతారు. అది ఒత్తి పట్టిన రొమ్ముకు బదులు పనిచేస్తుంది. దాని లోపల సన్నని దారాలు, చిన్న చుక్కల గుంపులు, గడ్డల్లాంటి ముద్దలు ముందే పెట్టి ఉంటాయి. ఎక్కడ ఏముందో తెలుసు కాబట్టి, మిషన్ వాటిలో ఎన్నింటిని చూపిస్తోందో లెక్కపెడతారు.

ఉదాహరణకు, అమెరికాలో ఎన్నో ఏళ్లుగా వాడిన ఫాంటమ్‌లో 6 దారాలు, 5 చుక్కల గుంపులు, 5 ముద్దలు ఉంటాయి. కనీసం 4 దారాలు, 3 గుంపులు, 3 ముద్దలు స్పష్టంగా కనిపిస్తేనే ఆ మిషన్ పాసు. లేకపోతే సరిచేసేదాకా దాని మీద రోగులకు తీయకూడదు.

ఫాంటమ్ ఒక్కటే కాదు, నాణ్యత పరీక్షలో ఇవి కూడా చూస్తారు:

• మీటరు చూపించే కిలోవోల్టులు, నిజంగా వచ్చే కిలోవోల్టులు ఒకటేనా
• రొమ్ము మందాన్ని బట్టి కిరణాల మోతాదును మిషన్ తానే సరిగ్గా సర్దుకుంటోందా
• ఒక్కో బొమ్మకు రొమ్ముకు చేరే రేడియేషన్ పరిమితిలో ఉందా. అమెరికా నియమం ప్రకారం ఫాంటమ్ మీద ఒక్కో బొమ్మకు 3 మిల్లీగ్రేలు దాటకూడదు
• నొక్కే పలక సరిపోయినంత ఒత్తిడి ఇచ్చి, పట్టు వదలకుండా నిలబడుతోందా
• ట్యూబ్ పక్కల నుంచి, గది గోడల నుంచి రేడియేషన్ బయటికి పోతోందా

'అన్ని కిరణాలు పడితే క్యాన్సర్ వస్తదేమో' అని కొందరు భయపడతారు. నాలుగు బొమ్మలు తీసే మామూలు మామోగ్రామ్‌లో శరీరానికి చేరేది సుమారు 0.4 మిల్లీసీవర్ట్. మట్టి నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు ఎట్లాగూ ఏడు వారాల్లో పడే రేడియేషన్‌తో ఇది దాదాపు సమానం. అయితే ఈ లెక్క తనిఖీ అయిన మిషన్‌కే వర్తిస్తుంది. బొమ్మ చెడిపోయిందని మళ్లీ మళ్లీ తీస్తే ఆ లెక్కా పెరుగుతుంది.

మన దేశంలో నియమం ఏంటి?

ఎక్స్‌రేతో పనిచేసే ప్రతి వైద్య మిషన్ మీద అధికారం అణుశక్తి నియంత్రణ మండలిది. అందరూ ఏఈఆర్‌బీ అంటారు. 1983లో ఏర్పడింది. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం ఏఈఆర్‌బీ అనుమతి లేకుండా మామోగ్రామ్ మిషన్ నడపకూడదు. అనుమతి ఇప్పుడు 'ఈలోరా' అనే ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఇస్తున్నారు.

ఏఈఆర్‌బీ నియమావళిలో మనకు తెలియాల్సినవి:

• మిషన్‌కు కనీసం రెండేళ్లకోసారి నాణ్యత పరీక్ష జరగాలి. పెద్ద రిపేరు చేసినా, ముఖ్యమైన భాగం మార్చినా మళ్లీ చేయించాలి.
• మిషన్ నడిపేవాళ్లు రేడియోగ్రఫీ చదివినవాళ్లై ఉండాలి.
• రేడియేషన్ భద్రతకు బాధ్యత వహించే ఒక అధికారి ఉండాలి.
• అక్కడ పనిచేసేవాళ్లకు ఒంటిమీద పడే రేడియేషన్ కొలిచే చిన్న బ్యాడ్జి ఉండాలి.
• గది బయట రేడియేషన్ గుర్తు, గర్భిణులు ముందే చెప్పాలన్న హెచ్చరిక కనిపించాలి.

కాగితం మీద నియమం ఉంటే పని అయిపోయినట్టు కాదు. 2012లో కాగ్ నివేదిక ఒక చేదు నిజం బయటపెట్టింది. దేశంలో లెక్కకు వచ్చిన 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాల్లో 52,173 కేంద్రాలు, అంటే 91 శాతం, ఏఈఆర్‌బీ దగ్గర నమోదే కాలేదు. ఆ తర్వాత ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. అయినా దేశమంతటా ఉన్న ఎక్స్‌రే గదుల తలుపులన్నీ తట్టడం ఏ ఒక్క ఆఫీసు వల్లా అయ్యే పని కాదు. తలుపు దగ్గర నిలబడి అడిగే రోగి కూడా ఒక తనిఖీయే.

అమెరికాలో ఇదే సమస్యకు 1992లో ప్రత్యేకంగా మామోగ్రఫీ నాణ్యత చట్టం తెచ్చారు. 1994 అక్టోబర్ నుంచి సర్టిఫికెట్ లేని కేంద్రం మామోగ్రామ్ తీయడానికి లేదు. ప్రతి ఏడాదీ తనిఖీ ఉంటుంది. 2024 సెప్టెంబర్ 10 నుంచి రొమ్ము కణజాలం చిక్కగా ఉందో లేదో ప్రతి రోగికీ రాసి చెప్పాలని కూడా పెట్టారు. మన దగ్గర మామోగ్రామ్‌కు విడిగా అట్లాంటి చట్టం లేదు. అందుకే మన ప్రశ్నకు విలువ ఎక్కువ.

అల్ట్రాసౌండ్ స్కానింగ్ సంగతి వేరు. అందులో రేడియేషన్ ఉండదు, కాబట్టి ఏఈఆర్‌బీ కిందికి రాదు. కానీ లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద ఆ మిషన్ నమోదు అయి ఉండాలి. ఆ నమోదు పత్రం సెంటర్లో కనిపించేలా పెట్టాలి. ఆ పత్రం మిషన్ ఎవరిదో చెప్తుంది గానీ, బొమ్మ నాణ్యత గురించి చెప్పదు.

సెంటర్‌కు వెళ్లి ఏం అడగాలి?

గొడవ పెట్టుకోనక్కర్లేదు. మర్యాదగా అడిగితే చాలు. ఇట్లా అడగొచ్చు:

'మేడమ్, ఈ మిషన్‌కు ఏఈఆర్‌బీ పర్మిషన్ ఉందా? చివరిసారి క్యూఏ టెస్ట్ ఎప్పుడైంది?'

'ఉందమ్మా. పోయిన ఏడాది చేయించాం.'

'ఆ కాగితం మీద తేదీ ఒకసారి చూపిస్తారా?'

క్యూఏ అంటే నాణ్యత పరీక్ష. అన్ని సెంటర్లవాళ్లకూ ఈ మాట తెలుసు. తేదీ రెండేళ్ల లోపు ఉండాలి. కాగితంలో రాసిన మిషన్ పేరు, నంబరు ఎదురుగా ఉన్న మిషన్‌వేనా అని కూడా చూడండి. ఒక మిషన్ కాగితం చూపించి ఇంకో మిషన్ మీద తీస్తే ఏం లాభం?

ఇంకా అడగదగ్గవి:

1. బొమ్మ తీసేది ఎవరు? ఆడ టెక్నీషియన్ ఉన్నారా? మగ డాక్టరు పరీక్షిస్తుంటే పక్కన ఒక ఆడమనిషి ఉండాలని అడిగే హక్కు రోగుల హక్కుల పత్రం ప్రకారం మీకుంది.
2. రిపోర్టు రాసేది రేడియాలజిస్టేనా? కింద పేరు, రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయా?
3. బొమ్మలు సీడీలో గానీ ఫిల్ములో గానీ ఇస్తారా? ఉత్త రిపోర్టు కాగితం సరిపోదు.

'ఏమమ్మా, మమ్మల్నే చెక్ చేస్తున్నావా?' అని ఎవరైనా విసుక్కుంటే చిన్నబుచ్చుకోకండి. పద్ధతిగా నడిపే సెంటర్‌కు ఈ ప్రశ్న కొత్త కాదు. కాగితం చూపించడానికి ఇష్టపడని సెంటర్ అయితే వేరే చోట తీయించుకోండి. ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉంటే అది అదనపు మంచిదే. అది సెంటర్లు తమంతట తాము తెచ్చుకునేది. ఏఈఆర్‌బీ అనుమతి మాత్రం తప్పనిసరి.

బొమ్మ బాగా రావాలంటే మనం ఏం చేయాలి?

మిషన్ ఎంత మంచిదైనా మన వైపు నుంచి కొంత జాగ్రత్త కావాలి.

• ఆ రోజు చంకల్లో, రొమ్ముల మీద పౌడర్, డియోడరెంట్, సెంటు, క్రీము రాసుకోవద్దు. వాటిలోని రేణువులు బొమ్మలో సున్నపు చుక్కల్లా కనిపించొచ్చు.
• చీరకట్టు అయినా, కుర్తా ప్యాంటు అయినా పైభాగం విడిగా తీయడానికి వీలుగా ఉండాలి.
• మెడలో గొలుసులు, నల్లపూసలు బొమ్మలోకి రాకూడదు. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేకపోతే టెక్నీషియన్‌కు చెప్పండి, వీపు వైపుకు వేసుకోవచ్చు.
• నెలసరి వస్తున్నవాళ్లకు నెలసరి అయిపోయిన తర్వాతి వారంలో నొప్పి తక్కువగా ఉంటుంది. కానీ గడ్డ ఉంటే ఆ వారం కోసం ఆగొద్దు.
• గర్భం ఉన్నా, ఉందేమో అన్న అనుమానం ఉన్నా ముందే చెప్పండి.
• పాత మామోగ్రామ్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. పాత బొమ్మ పక్కన పెట్టి చూస్తేనే కొత్తగా వచ్చిన మార్పు తెలుస్తుంది.

మామోగ్రామ్‌లో రొమ్మును రెండు పలకల మధ్య గట్టిగా నొక్కుతారు. కొన్ని సెకన్లు నొప్పిగా ఉంటుంది. 'నొప్పంటే నొక్కకుండా తీశారు, మంచివాళ్లు' అని సంతోషపడొద్దు. నొక్కితేనే కణజాలం పరుచుకుంటుంది, ఒకదాని వెనక ఒకటి దాక్కోదు, బొమ్మ కదలదు, రేడియేషన్ కూడా తక్కువ సరిపోతుంది. భరించలేనంత నొప్పి అయితే ఆపమని చెప్పండి, కొద్దిగా సర్దుతారు.

ఒక్కో రొమ్ముకు రెండు బొమ్మలు తీస్తారు. ఒకటి పైనుంచి కిందికి, ఒకటి పక్క నుంచి వాలుగా. మొత్తం నాలుగు. వాలుగా తీసిన బొమ్మలో చంక వైపు కండరం కూడా పడాలి, చనుమొన పక్క నుంచి కనిపించాలి. అట్లా పడకపోతే రొమ్ములో కొంత భాగం బొమ్మ బయటే ఉండిపోయినట్టు. ఆ భాగంలో గడ్డ ఉంటే ఎంత పెద్ద డాక్టరు చూసినా కనపడదు. సరిగ్గా పడలేదని టెక్నీషియన్ ఇంకోసారి తీస్తే విసుక్కోవద్దు. అది మీ మేలుకే.

రిపోర్టులో ఆ నంబరు ఏంటి?

రిపోర్టు చివర 'బైరాడ్స్' అని ఒక నంబరు ఉంటుంది. దాని అర్థం ఇది:

• 0 – ఇంకా తేలలేదు. మరిన్ని బొమ్మలు గానీ స్కానింగ్ గానీ పాత ఫిల్ములు గానీ కావాలి. సున్నా అంటే 'ఏం లేదు' అని కాదు. చాలామంది ఇక్కడే పొరబడి ఇంటికి వెళ్లిపోతారు.
• 1 – ఏమీ కనిపించలేదు.
• 2 – కనిపించింది ప్రమాదం లేనిది.
• 3 – దాదాపు ప్రమాదం లేనిదే. క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. సాధారణంగా 6 నెలలకు మళ్లీ చూస్తారు. ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.
• 4 – అనుమానం ఉంది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి.
• 5 – క్యాన్సర్ అయ్యే అవకాశం 95 శాతం, అంతకంటే ఎక్కువ. ఆలస్యం చేయొద్దు.
• 6 – ముక్క పరీక్షలో ఇదివరకే తేలిన క్యాన్సర్.

రొమ్ము చిక్కదనాన్ని ఏ, బీ, సీ, డీ అని రాస్తారు. సీ గానీ డీ గానీ ఉంటే చిక్కగా ఉన్నట్టు. అప్పుడు 'స్కానింగ్ కూడా కావాలా?' అని డాక్టరును అడగండి.

నంబరు లేకుండా 'నార్మల్ స్టడీ' అని ఒక్క ముక్క రాసి ఇస్తే, నంబరు, చిక్కదనం రాసివ్వమని అడగండి.

'నార్మల్' వచ్చింది, కానీ గడ్డ తగులుతోంది. ఏం చేయాలి?

ఈ పీడీఎఫ్‌లో ఒక్కటే గుర్తుంటుంది అంటే, ఈ మాట గుర్తుపెట్టుకోండి. మంచి మిషన్, మంచి టెక్నీషియన్, మంచి డాక్టరు ఉన్నా మామోగ్రామ్ అన్ని క్యాన్సర్లనూ పట్టదు. సుమారు 8 రొమ్ము క్యాన్సర్లలో ఒకటి స్క్రీనింగ్ మామోగ్రామ్‌కు దొరకదని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ చెప్తోంది. తనిఖీ లేని మిషన్ అయితే ఇక చెప్పేదేముంది.

అందుకే మొదట చెప్పుకున్న అక్క ఆ 'నార్మల్' కాగితం పట్టుకుని ఇంట్లో కూర్చోకూడదు. చేతి పరీక్ష, బొమ్మ, అవసరమైతే సూదితో తీసిన ముక్క పరీక్ష, ఈ మూడూ ఒకే మాట చెప్పాలి. చేతికి గడ్డ తగులుతుంటే స్కానింగ్ చేయించమని, సర్జన్‌కు చూపించమని గట్టిగా అడగాలి. 'సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతది' అన్న మాట బస్తీల్లో వినిపిస్తుంటుంది. ఆ భయంతో ఆగిపోవద్దు. సూది పరీక్ష లేకుండా జబ్బు ఏదో తేలదు, తేలకుండా సరైన మందు దొరకదు.

ఆఫీసు క్యాంపులు, వ్యాన్లు, 'నొప్పి లేని పరీక్ష'ల సంగతేంటి?

ఐటీ కారిడార్‌లో అక్టోబర్ వచ్చిందంటే గులాబీ రిబ్బన్ల క్యాంపులు మొదలవుతాయి. అవగాహనకు మంచిదే. కానీ మూడు విషయాలు చూసుకోండి.

మొదటిది, వ్యాన్‌లో మామోగ్రామ్ తీస్తే ఆ వ్యాన్‌లోని మిషన్‌కూ ఏఈఆర్‌బీ అనుమతి ఉండాలి. గుంతల రోడ్ల మీద కుదుపులకు లెక్కలు పక్కకు జరగొచ్చు. అమెరికా నియమాల్లో వ్యాన్ చోటు మారిన ప్రతిసారీ, రోగులకు తీసేముందు మిషన్‌ను పరీక్షించాలి. 'ఈ రోజు ఫాంటమ్ తీశారా?' అని అడిగి చూడండి.

రెండోది, ఒంటి వేడిని ఫొటో తీసే థర్మల్ పరీక్ష. నొక్కడం లేదు, రేడియేషన్ లేదు అని చెప్తారు. నిజమే. కానీ అది మామోగ్రామ్‌కు బదులు కాదని అమెరికా ఎఫ్‌డీఏ చాలాసార్లు హెచ్చరించింది. అందులో బాగుందని వచ్చిందని గడ్డను వదిలేయొద్దు.

మూడోది, క్యాంపులో ఏదైనా తేడా కనిపిస్తే తర్వాత ఎక్కడికి పంపిస్తారు? ఆ జవాబు లేని క్యాంపు సగం పనే చేసినట్టు.

డబ్బు సంగతి: ఏ కార్డు ఎక్కడ పనిచేస్తుంది?

రాజీవ్ ఆరోగ్యశ్రీ: 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు పరిమితి ఉంది. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్, కీమోథెరపీ, రేడియేషన్ చికిత్స ఇందులో వస్తాయి. ఆహార భద్రత కార్డు, ఆధార్ తీసుకెళ్లండి. నెట్‌వర్క్ ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ ఉంటుంది, ముందు అక్కడికే వెళ్లండి. ఇది ప్రధానంగా చికిత్స కోసం పెట్టిన పథకం. జబ్బు లేకుండా ముందుజాగ్రత్తగా ప్రైవేటు సెంటర్లో తీయించుకున్న మామోగ్రామ్ బిల్లు దీనిలో వస్తుందనుకుని ఖర్చు పెట్టుకోవద్దు. ఏది వస్తుందో ఆరోగ్యమిత్రను ముందే అడగండి. ఫోన్‌లో తెలుసుకోవాలంటే 104.

ఈఎస్ఐ: నెల జీతం 21 వేల రూపాయల వరకు ఉండి, కంపెనీ ఈఎస్ఐ కడుతుంటే మీకూ, మీ మీద ఆధారపడిన కుటుంబానికీ వర్తిస్తుంది. బాలానగర్ ఫ్యాక్టరీల్లో, ఐటీ కంపెనీల హౌస్‌కీపింగ్, క్యాంటీన్ కాంట్రాక్టుల్లో పనిచేసే చాలామందికి ఈ కార్డు ఉండాలి. పే స్లిప్ చూసుకోండి. ముందు మీ డిస్పెన్సరీకి, అక్కడి నుంచి సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రికి పంపిస్తారు.

ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి: రెడ్‌హిల్స్‌లోని ప్రభుత్వ ప్రాంతీయ క్యాన్సర్ కేంద్రం. మూసాపేట మెట్రో స్టేషన్‌లో ఎల్బీనగర్ వైపు రైలు ఎక్కితే మధ్యలో మారకుండా లక్డీకాపూల్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి ఆటోలో దగ్గరే. నిమ్స్‌కు వెళ్లాలంటే అదే రైల్లో పంజాగుట్ట వైపు దిగాలి. రాసిచ్చిన చీటీ, పాత రిపోర్టులు, సీడీ, ఆధార్, కార్డు అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని పొద్దున్నే బయల్దేరండి.

తేడా కనిపిస్తే ఎవరికి చెప్పాలి?

• మీ రికార్డులు మీరు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల ప్రవర్తన నియమావళి చెప్తోంది. చీటీ మీద రాసి అడగండి, ఒక కాపీ ఉంచుకోండి.
• అనుమతి లేకుండా ఎక్స్‌రే మిషన్ నడుపుతున్నారని అనుమానం ఉంటే ఏఈఆర్‌బీకి రాయొచ్చు. సెంటర్ రిజిస్ట్రేషన్, ఇతర లోపాల గురించి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ అధికారికి ఫిర్యాదు ఇవ్వొచ్చు. మూసాపేట మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో ఉంది. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో కూడా అర్జీ పెట్టుకోవచ్చు.
• ప్రభుత్వ ఆస్పత్రిలోని మిషన్ గురించి తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. 'మీ మామోగ్రామ్ మిషన్‌కు చివరి నాణ్యత పరీక్ష ఏ తేదీన జరిగింది? ఆ రిపోర్టు కాపీ ఇవ్వండి' అని రెండు వాక్యాలు రాస్తే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరిక రేఖకు దిగువన ఉన్నవాళ్లకు ఫీజు లేదు.

ఫిర్యాదులో సెంటర్ పేరు, తేదీ, బిల్లు నంబరు, ఏం జరిగింది అన్నది మాత్రమే రాయండి. బిల్లు కాపీ జతచేయండి. మీ పరీక్ష, చికిత్స మాత్రం ఫిర్యాదు తేలేదాకా ఆపొద్దు. అవి రెండూ వేరువేరుగా నడవాలి.

ఇంటి నుంచి బయల్దేరేముందు ఒకసారి చూసుకోండి

☐ డాక్టరు రాసిన చీటీ
☐ పాత రిపోర్టులు, సీడీ
☐ ఆధార్, ఆహార భద్రత కార్డు లేదా ఈఎస్ఐ కార్డు
☐ పౌడర్, సెంటు రాసుకోలేదు
☐ గడ్డ ఎప్పటి నుంచి ఉందో, ఎక్కడ ఉందో చెప్పడానికి సిద్ధం
☐ అడగాల్సిన మూడు మాటలు: పర్మిషన్ ఉందా? క్యూఏ తేదీ ఎప్పుడు? బొమ్మలు చేతికిస్తారా?

చదువు రాని అమ్మ, అత్త, పక్కింటి పిన్ని ఉంటే వాళ్లకు ఇది చదివి వినిపించండి. వీలైతే మంగళవారం వాళ్లను వెంటబెట్టుకుని ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మీ స్వయం సహాయక సంఘం గ్రూపులో, అపార్ట్‌మెంట్ గ్రూపులో, హాస్టల్ గ్రూపులో పంపించండి.